నాలుగూ పదిహేడుకి వచ్చిన వెలుగు

జూన్ 9

మరదలా,

పొద్దున ఎనిమిదిన్నరకి వాన పద్దెనిమిది మిల్లీమీటర్లు. గాలి నైరుతి నుంచి, ఆకు కదిలేంత. ఆకాశంలో ముప్పాతిక మబ్బు. థర్మామీటర్ల పెట్టెకి తెల్ల రంగు వేశాను. తేమ చూసే థర్మామీటరుకి తడిగుడ్డ మార్చాను. వానగొట్టం చుట్టూ గడ్డి కోశాను. నడుము పట్టేసింది.

ఫోను ఎత్తట్లేదని నువ్వు ఈపాటికి మీ అన్న మీద నోరు పారేసుకునే ఉంటావు. ఆయన తప్పు లేదు, ఈ ఒక్కసారికి. ఫోను చచ్చిపోయింది. ఎలా చచ్చిందో చెబుతాను, నవ్వకు.

ఏడో తారీకు సాయంత్రం నాలుగూ పదిహేడు. ఉరుముల వాన అటు దాటిపోయింది. నేను రీడింగుల గదిలో టేబులు దగ్గర ఉన్నాను. కిటికీ దోమతెరలోంచి ఒక వెలుగు లోపలికి వచ్చింది. రెండు పిడికిళ్లు కలిపితే ఎంతో అంత. పాత ఇత్తడి చెంబు రంగు. నడుమెత్తున గాలిలో తేలుతూ, కోడి నడిచినంత తీరిగ్గా, నీళ్ల బకెట్టు మీంచి పోయి, టేబులు చుట్టూ తిరిగి, ఫోనుకి తగిలింది. సీసా మూత తీసినట్టు చిన్న చప్పుడు. అంతే. కాలిన తీగ వాసన. ఉరుముకి లెక్కపెట్టే అలవాటు కదా, దీనికీ పెట్టాను. పదకొండు క్షణాలు. దోమతెరకి చిల్లు లేదు.

రిజిస్టరులో ఒక లైను రాశాను. చూసింది రాయడం నా పని, అదేమిటో తేల్చడం కాదు. మీ అన్న మాత్రం తేల్చేశాడు. నాకు కళ్లజోడు మార్చాలట.

ఇక రెండో సంగతి. పై ఆఫీసు నుంచి కాయితం వచ్చింది. ఆగస్టు 31తో ఈ వాతావరణ పరిశీలన కేంద్రం మూత. ఆవరణలో స్తంభం పాతి దాని మీద యంత్రం పెడతారట. వానా గాలీ అదే చూసుకుంటుందట. చచ్చిన ఫోను బదులు ఇంకోటి ఇవ్వరట, ఇక ఉత్తరాలే. మేం క్వార్టర్సు ఖాళీ చేయాలి. మీ అన్నకి చింత లేదు, పాల డిపో దగ్గర గది తీసుకుంటే వ్యాను దగ్గరే కాపురం అంటున్నాడు. కాపురం ఎక్కడైనా చేసుకోవచ్చు. ఈ పని మాత్రం ఇక్కడే ఉంది. మామయ్యగారు పోయాక పదమూడేళ్లు చేశాను. ఇది పోతే రోజూ ఎనిమిదిన్నరకి ఏం చేయాలో నాకు తెలీదు. ఇంతకంటే ఏడవను.

నీ చెయ్యి కాలింది మానిందా?

వదిన

జూన్ 16

వదినా,

చెయ్యి మానింది. ఇంకో వేలు కాలింది. గాజు ఊదేవాళ్లకి పది వేళ్లూ ఒకేసారి బాగుండటం అనేది ఉండదు.

నీ ఉత్తరం నిన్ను అడక్కుండా ఒకరికి చూపించాను. ముందే చెబుతున్నాను, తరవాత తిట్టు. మా ఫిజిక్సు డిపార్ట్‌మెంటులో ఒక ప్రొఫెసరుగారు ఉన్నారని చెప్పానా, వచ్చే ఏడు రిటైరవుతారు, చొక్కా గుండీ ఎప్పుడూ ఒకటి తప్పు పెట్టుకుంటారు, ఆయన. భవనం కింది గదిలో ఆయన ఒక బరువుని సన్న తీగకి వేలాడదీసి, నేను ఊదిన గాజు గొట్టంలో పెట్టి, పన్నెండేళ్లుగా అది కదులుతుందేమోనని చూస్తున్నారు. కదిలితే గీత పడుతుంది. ఇన్నాళ్లూ లారీలు పోతేనే పడింది.

ఆయన ఊహ ఇది. లోకం పుట్టిన కొత్తలో, ఆ వేడికీ ఒత్తిడికీ, అక్కడక్కడా బుల్లి కృష్ణబిలాలు పుట్టి ఉండొచ్చట. కృష్ణబిలం అంటే వెలుగుని కూడా బయటికి వదలనంత బరువైన చోటు. ఈ బుల్లివి అణువంత కూడా ఉండవు, బరువు మాత్రం కొండంత. ఎప్పుడైనా ఒకటి మన గాలిలోంచి పోతే చుట్టూ గాలి వేడెక్కి మెరుస్తుందేమో, జనం చూసే అంతుపట్టని వెలుగులు కొన్ని అవేనేమో అంటారు. 'ఏమో' అనే అంటారు. అదొక్కటి ఆయనలో మంచి గుణం. మిగతా వాళ్లు ఆయన వెనక నవ్వుతారు. ముందు కూడా.

ఇంటి సంగతులు మడిచి, కిటికీలోంచి వెలుగు వచ్చిన ముక్క మాత్రం చేతికిచ్చాను, నిలబడే చదివారు. కూర్చుని ఇంకోసారి చదివారు. 'చూసిందెవరు?' అన్నారు. 'మా వదిన. వాన అర మిల్లీమీటరు ఎక్కువ రాయమన్నా రాయని మనిషి' అన్నాను. తారీకూ టైమూ అడిగారు, చెప్పాను. పరుగున కిందికి వెళ్లారు. ఆ వయసులో మెట్లు అలా దిగకూడదు.

నాన్న ఐదు నిమిషాలు ముందుకి తిప్పి పెట్టిన గోడ గడియారం కిందే కదా నువ్వు కూర్చునేది? ఆ గది నాకు కళ్లకి కట్టినట్టు ఉంది.

మూసేస్తారన్న సంగతి కూడా ఆయనకి చెప్పాను. 'అలాంటి మనిషిని తీసేసి స్తంభం పెడతారా' అన్నారు. చూద్దాం.

కాలని వేళ్లతో,
నీ మరదలు

జూన్ 24

మరదలా,

నాలుగు రోజులుగా వాన లేదు. నాలుగు సున్నాలు రాశాను. సున్నా రాయడానికి కూడా వానగొట్టం మూత తీసి చూడాల్సిందే.

చూపించినందుకు తిట్టను. మీ అన్నకి ఉత్తరం చదివి వినిపించాను, అది నా బుద్ధితక్కువ. ఆయన డిపోలో పాల వ్యాన్ల డ్రైవర్లందరికీ చెప్పాడు. మా ఆవరణలో బిలం పడిందనీ, అందులో కొండ పడినా మళ్లీ కనపడదనీ. ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. ఆఫీసు వాళ్లు స్తంభానికని మొన్న ఒక గొయ్యి తవ్వి వెళ్లారు, నడుము లోతు. వచ్చినవాళ్లు దాని చుట్టూ చేరి, అంచుకి రాకుండా మెడ చాచి చూస్తున్నారు. ఒకాయన రాయి వేశాడు. రాయి అడుగున కనపడుతూనే ఉంది. 'ఇంకా ఆకలి కాలేదేమో' అన్నాడు. నేను లోపలికి వచ్చి నవ్వుకున్నాను.

మీ ప్రొఫెసరుగారిని ఇది అడుగు. కొండంత బరువున్నది నా బకెట్టు మీంచి పోతే నీళ్లు తొణకాలా వద్దా? తొణకలేదు. అంత బరువున్నది పైనుంచి పడితే నేలలోకి దిగిపోవాలి గానీ కోడిలా షికారు చేస్తుందా? వెలుగుని కూడా మింగేది ఇత్తడి రంగులో ఎందుకు మెరిసింది? నేను చదివింది పదో క్లాసు. తప్పడిగితే నవ్వమను, పరవాలేదు.

ఇంకోటి, నాకోసం కాదు, పక్కింటావిడ అడగమంది. అది ఇంకా ఇంటి కింద ఉందా?

వదిన

జూలై 3

వదినా,

ఇంటి కింద ఏమీ లేదని పక్కింటావిడకి చెప్పు. భయపడి మంచం జరిపి ఉంటాడు, మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టమని మా అన్నకి కూడా చెప్పు. నీకోసం కాదులే.

బకెట్టు సంగతి చదివి ప్రొఫెసరుగారు ఒక బకెట్టు నీళ్లు తెప్పించి ముందు పెట్టుకున్నారు. 'మీ వదినగారు మా దగ్గర ఉండాల్సింది' అన్నారు. మెరిసేది బిలం కాదట, చుట్టూ వేడెక్కిన గాలట. అలాంటివి మామూలుగా క్షణానికి వంద మైళ్ల పైన పోవాలట. కోడి నడక ఎందుకు నడిచిందో ఆయనకీ తెలీదు. బహుశా నువ్వు చూసింది దాన్ని కాదు, అది దూసుకుపోయాక మిగిలిన తోకనేమో అన్నారు. మళ్లీ 'ఏమో'.

ఇప్పుడు అసలు సంగతి. నిలబడి ఉంటే కూర్చో. ఏడో తారీకు సాయంత్రం ఆయన బరువు కదిలింది. నేను చెప్పిన టైముకే, నిమిషం తేడా లేకుండా. పన్నెండేళ్లలో లారీ కాని గీత అదొక్కటే. నవ్వేవాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లారు. ఒకాయన నవ్వడం మరిచిపోయి నోరు తెరుచుకునే ఉండిపోయాడు.

ప్రొఫెసరుగారు మీ పై ఆఫీసుకి పెద్ద ఉత్తరం రాశారు. ఇలాంటి కేంద్రాన్నీ, ఇలాంటి పరిశీలకురాలినీ పోగొట్టుకోవద్దని. వ్యాసం అచ్చుకి పంపే ముందు నీ సంతకం కోసం నీకు ప్రతి వస్తుంది. స్తంభాన్ని ఇంకెక్కడైనా పాతుకోమను.

ఎగిరి గంతేస్తూ,
మరదలు

జూలై 12

మరదలా,

వాన ఇరవై మూడు. గోతిలో నీళ్లు నిండాయి, కప్పలు చేరాయి. మీ అన్న కొత్తవాళ్లకి అవి బిలంలోంచి వచ్చాయని చెబుతున్నాడు.

పై ఆఫీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడి సంతకం పెట్టి పోయే మనిషి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మూసే సంగతి ప్రస్తుతానికి ఆపారట. ప్రొఫెసరుగారి వ్యాసం అచ్చయితే ఇక ఈ కేంద్రం జోలికి ఎవరూ రారట. వెళ్తూ వెళ్తూ నన్ను 'అమ్మగారూ' అన్నాడు. పదమూడేళ్లలో ఇదే మొదలు. అతను పోయాక వానగొట్టం మళ్లీ ఒకసారి తుడిచాను. తుడవాల్సిన అవసరం లేదు, ఊరికే.

నిన్న వ్యాసం వచ్చింది. సగం అర్థం కాలేదు గానీ బాగానే ఉన్నట్టుంది. చివర 'నేను చూసినదీ నమోదు చేసినదీ ఇదే' అని నా సంతకానికి చోటు పెట్టారు. ఒక్క తప్పు పడింది. నాలుగూ పన్నెండు అని టైపు చేశారు. నాలుగూ పదిహేడు కదా. దిద్ది ఇంకో ప్రతి పంపమను, సంతకం పెడతాను.

నీ వేళ్లు జాగ్రత్త.

వదిన

జూలై 19

వదినా,

అది టైపు తప్పు కాదు. నేనే నాలుగూ పన్నెండు అని చెప్పాను.

నువ్వు నాలుగూ పదిహేడు అని రాశావు. గోడ గడియారం చూసే రాసి ఉంటావని ఐదు తీసేశాను. ఆలోచించి చేసింది కూడా కాదు. ఆ ఇంట్లోంచి ఏ టైము వచ్చినా నా బుర్ర ఐదు తీసేస్తుంది. చిన్నప్పుడు బడికి తీసేదాన్ని, బస్సుకి తీసేదాన్ని. ఇక్కడికి వచ్చిన కొత్తలో వార్డెను 'ఆరింటికల్లా రా' అంటే ఆరూ ఐదుకి వెళ్లి తిట్లు తిన్నాను.

నువ్వు గడియారం చూసే రాశావు కదా? ఉత్తరం రాసేటప్పుడు గడియారం టైమే రాశావు కదా? వెంటనే జవాబు రాయి. కార్డు ముక్కైనా చాలు.

మరదలు

జూలై 25

మరదలా,

ఎండ. గాలి లేదు. వాన సున్నా.

గడియారంలో నాలుగూ ఇరవై రెండు. ఐదు తీసి పదిహేడు రాశాను. రిజిస్టరులో అదే, నీ ఉత్తరంలో అదే.

నేను కాపురానికి వచ్చిన రెండో వారం మామయ్యగారు నన్ను ఆ గడియారం కింద నిలబెట్టారు. 'అమ్మాయ్, ఇది పరుగెత్తడానికి, రాయడానికి కాదు. పెన్సిలు పట్టుకునే ముందే ఐదు తీసెయ్యి' అన్నారు. అప్పటి నుంచి అంతే. నువ్వు బడికి తీసినట్టే నేను రిజిస్టరుకి తీస్తాను. మనిద్దరం ఒకే పని రెండుసార్లు చేశాం.

ప్రొఫెసరుగారికి చెప్పు.

వదిన

జూలై 31

వదినా,

మూడు రోజులుగా నీ కార్డు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. రెండు గొట్టాలు పగలగొట్టాను.

నా మాట విను. ఈ సంగతి నీకూ నాకూ తప్ప లోకంలో ఎవరికీ తెలీదు. మా అన్నకి చెప్పలేదు కదా? చెబితే డిపో మొత్తానికి తెలుస్తుంది. నీ గడియారం ఐదు ముందుందో, పది వెనకుందో ఎవడు చూడొచ్చాడు? ఆయన పన్నెండేళ్లు ఆ బరువు దగ్గర కూర్చున్నారు. మొన్న క్యాంటీనులో ఒకరు ఆయనకి కుర్చీ జరిపారు. అంతకుముందు ఎవరూ జరపలేదు. ఇటు నీ పని నిలబడింది. నేను నోరు తెరిస్తే ఆయన కుర్చీ పోతుంది, నీ పని పోతుంది. ఎవరికి లాభం చెప్పు? వెలుగు వచ్చిన మాట నిజం. ఐదు నిమిషాలు కొండంత బరువా?

సంతకం పెట్టు వదినా. నీ కాళ్లు పట్టుకుంటాను, ఉత్తరంలోనే అయినా.

మరదలు

ఆగస్టు 6

మరదలా,

వాన నాలుగున్నర మిల్లీమీటర్లు. నాలుగూ కాదు, ఐదూ కాదు.

సంతకం పెట్టలేదు. వ్యాసం దీనితో పంపుతున్నాను.

పదమూడేళ్లలో రోజుకి రెండుసార్లు రాశాను. అందులో నేను చూడనిది ఒక్కటీ లేదు. జ్వరం వచ్చిన రోజుల్లో మీ అన్న భుజం పట్టుకుని వెళ్లి చూసి వచ్చాను. 'నువ్వు పడుకో, నేను చూసి చెబుతా' అన్నా వినలేదు. ఆ రోజుల్లో మీ అన్నకి నేనంటే భయం ఉండేది. ఇప్పుడు రిజిస్టరులో పదిహేడు ఉండి కాయితం మీద పన్నెండు ఉంటే, రెండిట్లో ఒకటి అబద్ధం. ఏదని అడిగితే నేనేం చెప్పను? ఆ ఒక్కదానితో మిగతా లైన్లన్నీ అనుమానమే. అన్నీ పోయాక ఈ కేంద్రం నిలబడితే మాత్రం నేను అందులో కూర్చుని ఏం రాయాలి?

పని కావాలి. ఇలా వద్దు.

నువ్వు చెప్పకపోతే నేనే రాస్తాను. నువ్వు చెబితేనే బాగుంటుంది, ఆయన్ని రోజూ చూడాల్సింది నువ్వు.

కోపం లేదు. నీ మీద ఎప్పుడూ లేదు, నా పెళ్లి చీర మీద సిరా ఒలకబోసిన రోజు తప్ప.

వదిన

ఆగస్టు 17

వదినా,

చెప్పాను.

కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. 'ఐదు నిమిషాలా' అన్నారు. 'అవునండీ' అన్నాను. 'తీసిందెవరు?' అన్నారు. 'ఇద్దరం' అన్నాను. గడియారం కథంతా చెప్పాను. నవ్వడం మొదలుపెట్టారు, దగ్గు వచ్చేదాకా నవ్వారు. దగ్గు తగ్గాక నవ్వలేదు.

తరవాత నన్ను ఒకటి అడిగారు. 'అయితే నాలుగూ పన్నెండుకి నా బరువుని కదిపిందేమిటి?' వర్క్‌షాపుకి వెళ్లి ఏడో తారీకు చీటీలు తిరగేశాను. ఆ సాయంత్రం నా గాజు పనికి ఆక్సిజన్ సిలిండర్లు వచ్చాయి. ఆయన గదికి సరిగ్గా పైన దించారు. దించడం మొదలుపెట్టిన టైము వేసి నేనే సంతకం పెట్టాను, నాలుగూ పది. చూడకపోయినా బాగుండేది. చూశాను కాబట్టి అదీ చెప్పాను. నీ గాలి సోకినట్టుంది.

వ్యాసం మీద పన్నెండు కొట్టేసి పదిహేడు అని రాసి, సొరుగులో పెట్టుకున్నారు. 'మీ వదినగారు చూసింది అలాగే ఉంది. అదేమిటో మాత్రం ఇప్పుడు నిజంగా తెలీదు. రెండు నెలలు తెలిసినట్టు ఉన్నాను, బాగానే గడిచింది' అన్నారు. ఈ వారం క్యాంటీనులో ఆయనకి కుర్చీ నేను జరిపాను. ఎవరైనా చూస్తే చూడనీ.

మీ పై ఆఫీసుకి ఆయనే మళ్లీ రాశారు. నీ రిజిస్టరుని చాలా మెచ్చుకున్నారట. వాళ్ల జవాబు రెండు లైన్లు. ముందు చెప్పిన తారీకే ఖాయం.

నేను నీ పని పోగొట్టాను వదినా. ముందు లేనిపోని ఆశ పెట్టి, ఆ తరవాత. ఏం చేయాలో తెలీక ఒక కొలగాజు ఊదాను, వాన కొలిచేది. గీతలు నేనే గీశాను, ఒక్కొక్కటీ నీళ్లు పోసి సరిచూసి. అర మిల్లీమీటరు దాకా నమ్మొచ్చు. మా అన్న వ్యాను వాళ్లతో పంపుతున్నాను. పగిలితే వాడితో మాట్లాడను.

మరదలు

ఆగస్టు 31

మరదలా,

పొద్దున ఎనిమిదిన్నరకి వాన ఏడు మిల్లీమీటర్లు. యంత్రం ఏడున్నర అంది. ఎవరిది తప్పో రాయడానికి రిజిస్టరులో గడి లేదు.

గొయ్యి పూడ్చి సిమెంటు వేసి స్తంభం నిలబెట్టారు. అంతకుముందు మీ అన్న కప్పల్ని బకెట్టుతో తీసి అవతల కాలవలో వదిలాడు. నాలుగు ట్రిప్పులు. ఎందుకని అడిగితే 'నా మాట నమ్మి వచ్చాయి' అన్నాడు.

ఇన్‌స్పెక్టరు రిజిస్టర్లు లెక్క చూసుకున్నాడు. జూన్ ఏడు దగ్గర ఆగి చదివాడు. 'దీన్ని ఏం చేద్దాం?' అన్నాడు. 'చూసింది రాశాను. కొట్టేయాలనుకుంటే మీరే కొట్టేసి పక్కన మీ సంతకం పెట్టండి' అన్నాను. మూసేసి మిగతా వాటితో కట్ట కట్టాడు.

నువ్వు పోగొట్టింది ఏమీ లేదు. తారీకు జూన్‌లోనే వచ్చింది. మధ్యలో వానగొట్టం కొన్నిసార్లు ఎక్కువ తుడిచాను, అంతే.

కొలగాజు పగలకుండా చేరింది. డిపో దగ్గర గదికి పైన డాబా ఉంది. చెట్లు లేవు, పక్క గోడ దూరంగానే ఉంది. వాన కొలవడానికి చోటు బాగానే ఉంటుంది. గోడ గడియారం ఆఫీసుది కాదు, మామయ్యగారిది. సామానుతో పంపకుండా చేత్తోనే తెచ్చుకున్నాను. సరిచేస్తానని మీ అన్న కుర్చీ ఎక్కాడు. దిగమన్నాను.

వదిన

తా.క. ఆఫీసు వాళ్లు పదకొండున్నరకి వెళ్లారు. మీ అన్న సామానుతో పన్నెండుంబావుకి వెళ్లాడు. నేను తాళం చెవి పక్కింట్లో ఇచ్చి రెండూ నలభైకి బయల్దేరాను. ఐదు నేను తీసేశాను, నువ్వు మళ్లీ తీయకు.